ముద్ద దిగే దారి: ఆసుపత్రుల్లో వృద్ధుల మింగుడు కష్టాలను ఎలా చూడాలి

పెద్ద వయసువారు ఆసుపత్రిలో చేరితే బీపీ, షుగర్, ఆక్సిజన్ పూటపూటకూ చూస్తారు. గుటక సరిగ్గా పడుతోందా లేదా అన్నది మాత్రం, పక్షవాతం వార్డు దాటితే, చాలా చోట్ల ఎవరి పనీ కాదు. భోజనం సగం మిగిలిపోతే 'ఆకలి లేదు' అని రాస్తారు. తింటూ దగ్గితే జలుబు చేసిందనుకుంటారు. కొన్నాళ్ళకు జ్వరం వచ్చి, ఎక్స్‌రేలో ఊపిరితిత్తి అడుగున మచ్చ కనిపించాక గానీ మింగడం మీదికి దృష్టి పోదు. ఇంకొన్ని చోట్ల పూర్తిగా తలకిందులు. చిన్న అనుమానం రాగానే 'నోటి ద్వారా ఏమీ ఇవ్వరాదు' అని మంచానికి కాగితం తగిలిస్తారు, తర్వాత దాన్ని తీసే బాధ్యత ఎవరికీ ఉండదు.

అసలు పట్టించుకోకపోవడం వల్ల జరిగే నష్టం అందరికీ తెలిసిందే. ఒక్కసారి చూసి అన్నీ బంద్ చేసేయడం వల్ల జరిగే నష్టం అంతగా తెలియదు. రెండింటికీ మూలం ఒకటే. మింగుడు పరీక్షను పాస్, ఫెయిల్ లెక్కన ఒకసారి చేసి ముగించే పనిగా చూడటం. వృద్ధ రోగి విషయంలో 'మింగగలరా, లేదా' అని అడిగితే సరిపోదు. ఏది మింగగలరు, ఎలా కూర్చోబెడితే మింగగలరు, ఏ పూట మింగగలరు, ఎవరి సాయంతో మింగగలరు అని అడగాలి. వీటికి జవాబు రోజుకోలా మారుతుంది కూడా.

ఒక్క సెకను పని

నమలడం మన చేతిలో ఉన్న పని. ముద్ద నాలుక మీద నుంచి గొంతులోకి జారాక ఇక మన చేతిలో లేదు. మెత్తని అంగిలి పైకి లేచి ముక్కు దారిని మూస్తుంది. స్వరపేటిక పైకీ ముందుకూ కదులుతుంది. స్వరతంతువులు దగ్గరపడతాయి, వాటిపైన ఉన్న మూత లాంటి ఉపజిహ్విక వాలుతుంది. అన్నవాహిక మొదట్లో ఎప్పుడూ బిగిసి ఉండే కండరం అదే సమయానికి వదులై ముద్దకు దారి ఇస్తుంది. గొంతు దశ అంతా కలిపి సుమారు ఒక సెకను. ఆ కాసేపూ ఊపిరి ఆగుతుంది. గుటక పడ్డాక ఎక్కువ మందిలో ఊపిరి లోపలికి కాకుండా బయటికి వస్తుంది. గొంతులో ఏదైనా మిగిలి ఉంటే లోపలికి పీల్చుకోకుండా కాపాడే ఏర్పాటు ఇది.

అందుకే మింగుడు సమస్య గొంతు జబ్బులకో, మెదడు జబ్బులకో పరిమితం కాదు. గుండె నీరసించి ఆయాసపడే మనిషి, ఊపిరితిత్తుల జబ్బుతో నిమిషానికి 30 సార్లు ఊపిరి తీసే మనిషి ఆ ఒక్క సెకను ఊపిరి బిగబట్టలేరు. వాళ్ళ గొంతులో లోపమేమీ ఉండదు, అయినా పొలమారుతుంది, అంటే తిండో నీరో శ్వాసనాళంలోకి పోతుంది.

వయసు పెరిగేకొద్దీ గుటక నెమ్మదిస్తుంది. నాలుక బలం తగ్గుతుంది, లాలాజలం తక్కువగా ఊరుతుంది, గొంతులో స్పర్శ మందగిస్తుంది. ఇది జబ్బు కాదు. ఆరోగ్యంగా ఉన్న 80 ఏళ్ళ మనిషి ఈ మార్పులన్నిటితోనూ మామూలుగానే తింటారు. కాకపోతే చేతిలో ఉండే వెసులుబాటు తగ్గిపోయి ఉంటుంది. ఆసుపత్రిలో చేరడంతో ఆ కాస్త వెసులుబాటు కూడా కరిగిపోతుంది. జ్వరం, మంచాన పడి ఉండటం, నిద్ర మందులు, నోరు ఎండబెట్టే మాత్రలు, ఇంట్లో మర్చిపోయిన కట్టుడు పళ్ళు, రాత్రిపూట అయోమయం... విడివిడిగా చూస్తే ఇవి చిన్నవే, అన్నీ ఒకేసారి మీద పడతాయి. తిండి తగ్గి ఒంట్లో కండ కరిగితే గుటకకు కావలసిన కండరాలూ దానితోపాటే కరుగుతాయి. చేరినప్పుడు లేని మింగుడు సమస్య ఇంటికి వెళ్ళేనాటికి తయారవడానికి ఇదొక ముఖ్య కారణం. యూరప్‌లో మింగుడు రుగ్మతల నిపుణుల సంఘం, వృద్ధ వైద్య సంఘం కలిసి 2016లో దీన్ని వృద్ధాప్య సిండ్రోమ్‌లలో ఒకటిగా గుర్తించాలని కోరాయి. అంటే పడిపోవడం, మతి తప్పడం, పుండ్లు పడటం వంటి వాటి సరసన చేర్చమని.

వెతికితేనే కనిపిస్తుంది

పక్షవాతం వచ్చినవారిలో మింగుడు సమస్య ఎంతమందికి ఉంటుందని లెక్కతీసిన పరిశోధనలన్నిటినీ 2005లో ఒకచోట చేర్చి చూశారు. పైపైన చూసిన చోట 37 నుంచి 45 శాతం మందికి ఉందని తేలింది. నిపుణులు మంచం దగ్గర శ్రద్ధగా పరీక్షించిన చోట 51 నుంచి 55 శాతం. పరికరాలతో చూసిన చోట 64 నుంచి 78 శాతం. జబ్బు అదే, వెతికిన తీరు మాత్రం వేరు. మింగుడు సమస్య ఉన్నవారికి న్యుమోనియా ముప్పు మూడు రెట్లు, తిండి లేదా నీరు నిజంగానే శ్వాసనాళంలోకి పోతున్నవారికి పదకొండు రెట్ల పైచిలుకు ఉందని కూడా ఆ సమీక్షే చెప్పింది.

వెతకాల్సిన అవసరం ఎందుకంటే, శ్వాసనాళంలోకి నీరు పోయిన ప్రతి ఒక్కరూ దగ్గరు. గొంతులో స్పర్శ పోయినవారికి లోపలికి వెళ్ళిందన్న సంగతే తెలియదు. ముఖంలో ఇబ్బంది ఉండదు, దగ్గు రాదు, పక్కన కూర్చున్నవారికి అనుమానం రాదు. చప్పుడు లేకుండా పొలమారడం అంటే ఇదే. ఇలాంటివారి విషయంలో కుటుంబ సభ్యులు 'బాగానే తాగుతున్నారు' అని చెప్పేది అబద్ధం కాదు, వాళ్ళకు కనిపించేది అంతే.

దగ్గు లేకపోయినా గమనించదగ్గ గుర్తులు మరికొన్ని ఉన్నాయి. తాగాక గొంతులో నీళ్ళు నిలిచినట్టు గరగరలాడే మాట, బుగ్గల్లో మిగిలిపోయే తిండి, ఒక్క ముద్దకు రెండు మూడు గుటకలు, భోజనానికి పట్టే సమయం అమాంతం పెరగడం, కారణం తెలియకుండా వచ్చిపోయే కొద్దిపాటి జ్వరం, బరువు తగ్గడం. వీటిలో సగం డాక్టరు రౌండ్స్‌లో ఉన్నప్పుడు కనిపించవు. భోజనం వేళ పక్కన ఉండేవారికే కనిపిస్తాయి. ఆ మనిషి చూసింది కేస్ షీట్‌లోకి ఎక్కే దారి లేకపోతే ఎంత ఖరీదైన పరీక్ష ఉన్నా ప్రయోజనం అంతంతే.

వడపోత పరీక్ష ఏం చెబుతుంది, ఏం చెప్పదు

ముందుగా చేసేది వడపోత. శిక్షణ పొందిన నర్సు కొద్ది నిమిషాల్లో చేయగలిగేది. ఈ మనిషికి నోటి ద్వారా ఇవ్వడం మొదలుపెట్టవచ్చా, లేక నిపుణులు చూసేదాకా ఆగాలా అన్నంత వరకే అది తేలుస్తుంది. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ మార్గదర్శకాల ప్రకారం, పక్షవాతంతో చేరినవారికి తిండి, నీరు, మాత్ర ఏదీ నోట్లో పెట్టకముందే ఈ వడపోత జరగాలి. అందులో తేడా కనిపిస్తే వీలైతే 24 గంటల్లో, ఎట్టి పరిస్థితిలోనూ 72 గంటలు దాటకుండా నిపుణుల పరీక్ష జరగాలి. మాత్రల మాట ప్రత్యేకంగా చేర్చడం గమనించాలి. 'ఒక్క మాత్రే కదా, కొంచెం నీళ్ళతో' అనే మినహాయింపు చాలా వార్డుల్లో అలవాటుగా జరిగిపోతుంటుంది.

బాగా వాడుకలో ఉన్నది నీటి పరీక్ష. 90 మిల్లీలీటర్ల నీటిని ఆపకుండా తాగమంటారు. మధ్యలో ఆగినా, దగ్గినా, మాట గరగరలాడినా ఫెయిల్ కిందే లెక్క. మూడు వేల మంది మీద జరిగిన అధ్యయనం ఒకటి 2008లో వచ్చింది. నిజంగా పొలమారుతున్నవారిలో నూటికి 96 మందిని ఈ పరీక్ష పట్టుకుంది. అయితే పొలమారనివారిలో కూడా సగం మందికి ఫెయిల్ అనే చెప్పింది. ఈ రెండో సంగతే చాలామంది మర్చిపోతారు. పాసైతే ధైర్యంగా ఉండవచ్చు. ఫెయిలైతే ఆ మనిషి మింగలేరని కాదు, ఇంకా వివరంగా చూడాలని మాత్రమే. ఫెయిల్ అనగానే రోజుల తరబడి నోరు కట్టేస్తే, వారిలో చాలామందిని అకారణంగా పస్తులుంచినట్టే.

2007లో ఆస్ట్రియాలో తయారైన గస్ అనే పరీక్ష ఇంకాస్త ఆలోచనతో కూడింది. ముందు మనిషి మెలకువగా ఉన్నారా, సొంత ఉమ్మి మింగగలుగుతున్నారా, దగ్గగలుగుతున్నారా అని చూస్తుంది. తర్వాత మెత్తని ముద్ద, ఆపైన నీరు, చివరికి గట్టి తిండి. ఒక్కో దశకు 5 చొప్పున మొత్తం 20 మార్కులు. నీటితో తడబడినవారు మెత్తని ముద్దను మింగగలరా అన్నది ఇది అక్కడే తేల్చేస్తుంది, కాబట్టి ఫలితం అవును, కాదుల మధ్య ఆగిపోదు. స్పెయిన్‌లో రూపొందిన మరో పద్ధతిలో ద్రవం చిక్కదనాన్నీ పరిమాణాన్నీ మార్చి మార్చి ఇచ్చి, ఏది క్షేమమో చూస్తారు. రోగి స్వయంగా జవాబిచ్చే ఈట్-10 అనే పది ప్రశ్నల పత్రం కూడా ఉంది, మూడు లేదా అంతకన్నా ఎక్కువ మార్కులు వస్తే సమస్య ఉందని అనుమానించాలి. అయితే మతి స్థిమితంగా లేనివారికి అది పనికిరాదు, వార్డులో ఎక్కువగా ఇబ్బంది పడేది వాళ్ళే.

ఏ పరీక్ష ఎంచుకున్నారన్నదాని కన్నా, దాన్ని రాత్రి రెండు గంటలకు చేరిన రోగికి కూడా చేశారా అన్నది ముఖ్యం. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్‌లోని 19 పక్షవాతం యూనిట్లలో జరిగిన అధ్యయనం 2011లో వెలువడింది. జ్వరం, షుగర్, మింగుడు ఈ మూడింటినీ నర్సులే పట్టుదలగా చూసుకునే పద్ధతి పెట్టిన చోట, 90 రోజుల తర్వాత చనిపోయిన లేదా ఇతరులపై ఆధారపడిన వారు 42 శాతం. మామూలుగా చూసిన చోట 58 శాతం. మూడూ కలిపి చేశారు కాబట్టి మెచ్చుకోలు అంతా మింగుడు పరీక్షకే కట్టబెట్టలేం. కానీ ఇందులో కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు.

పాత అలవాట్లు రెండు వదిలించుకోవాలి. నాలుక మొదట్లో పుల్లతో తాకి వాంతి వచ్చినట్టు అవుతోందా అని చూడటం ఒకటి. ఆ స్పందన ఆరోగ్యంగా ఉన్నవారిలో కూడా చాలామందికి ఉండదు, ఉన్నవారు బాగా మింగగలరన్న హామీ కూడా లేదు. వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెట్టి, అంకె తగ్గలేదు కాబట్టి పొలమారలేదని నిర్ధారించడం రెండోది. దానికీ నమ్మదగిన ఆధారం లేదు.

లోపల ఏం జరుగుతోందో చూడటం

మంచం దగ్గర పరీక్షతో తేలనివాటికి రెండు దారులున్నాయి. ఎక్స్‌రేలో కనిపించే బేరియం కలిపిన ద్రవాన్నీ ముద్దనీ మింగిస్తూ ఎక్స్‌రే వీడియో తీయడం ఒకటి. ముక్కు ద్వారా సన్నని కెమెరా గొట్టాన్ని గొంతు దాకా దించి చూడటం ఇంకొకటి, 1988 నుంచి వాడుకలో ఉంది. కెమెరాను మంచం దగ్గరికే తేవచ్చు, రేడియేషన్ ఉండదు, గొంతులో పేరుకున్న ఉమ్మి కూడా కనిపిస్తుంది. గుటక పడే ఆ క్షణం మాత్రం గొంతు మూసుకుపోయి తెర తెల్లబడుతుంది. ఎక్స్‌రే వీడియోలో ఆ క్షణం కూడా కనిపిస్తుంది, కానీ రోగిని రేడియాలజీ దాకా తీసుకెళ్ళి నిటారుగా కూర్చోబెట్టాలి.

ఈ పరీక్షల రిపోర్టులో 'పొలమారుతోంది' అన్న ఒక్క వాక్యం ఉంటే ఖర్చు దండగ. ఎందుకు పొలమారుతోంది, గడ్డం ఛాతీ వైపు వంచితే మారుతోందా, గుక్క చిన్నదైతే మారుతోందా, చిక్కదనం పెంచితే గొంతులో మిగిలిపోతోందా అన్నవి కూడా రిపోర్టులో ఉండాలి. పరికరం విలువంతా ఏ ఉపాయం పనిచేస్తుందో కళ్ళతో చూసి తేల్చడంలోనే ఉంది.

నోరు కట్టేయడం క్షేమమా?

నోటి ద్వారా ఏమీ ఇవ్వకపోతే పొలమారదు, కాబట్టి అది క్షేమం అన్నది వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ తిండి ఆపినా ఉమ్మి ఆగదు. రోజంతా ఊరే ఉమ్మి అదే గొంతు గుండా దిగాలి. తినని నోరు త్వరగా ఎండి, క్రిములతో నిండుతుంది. ఆ ఉమ్మి ఊపిరితిత్తుల్లోకి జారితే మంచినీటి కన్నా ఎక్కువ చేటు. పైగా వాడని కండరం బలహీనపడుతుంది. న్యుమోనియాతో చేరిన వృద్ధులకు 'ప్రస్తుతానికి' అంటూ నోటి ఆహారం ఆపితే చికిత్స రోజులు పెరిగాయనీ, మింగే శక్తి ఇంకా తగ్గిందనీ జపాన్‌లో 2016లో వచ్చిన పరిశీలన చూపింది. ఆ 'ప్రస్తుతానికి' అన్న మాటకు తేదీ, గంట వేయకపోవడమే వార్డుల్లో జరిగే పెద్ద పొరపాటు. ఈ ఆదేశం రాసినప్పుడే మళ్ళీ ఎప్పుడు, ఎవరు చూస్తారో కూడా రాయాలి.

ముక్కు ద్వారా కడుపులోకి ఆహారం పంపే గొట్టం గురించీ ఇలాంటి అపోహే ఉంది. పక్షవాతం తొలి రోజుల్లో పోషణ కోసం అది అవసరమే. కానీ పొలమారడాన్ని అది ఆపదు. ఉమ్మి లోపలికి పోతూనే ఉంటుంది, కడుపులోది పైకి తన్నే అవకాశం కూడా ఉంటుంది. డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన సన్నగిల్లే జబ్బు) బాగా ముదిరినవారికి గొట్టం ద్వారా ఆహారం ఇవ్వడం కన్నా, ఓపికగా చేత్తో తినిపించడమే మేలని అమెరికాలోని వృద్ధ వైద్య సంఘం (అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ) 2014లో స్పష్టంగానే చెప్పింది. గొట్టం వేస్తే ఆయుష్షు పెరుగుతుందనడానికి ఆధారం లేదు. గొట్టం పీకేసుకోకుండా చేతులు కట్టడం, పుండ్లు పడటం మాత్రం నిజంగా జరిగేవే.

పళ్ళు తోమడం వైద్యమే

పొలమారిన ప్రతివారికీ న్యుమోనియా రాదు. మరి ఎవరికి వస్తుంది? 1998లో అమెరికాలో సుసాన్ లాంగ్‌మోర్ బృందం దీనికి జవాబు వెతికింది. మింగుడు సమస్య ఒక్కటే ఉంటే న్యుమోనియా రావడానికి అది చాలదని తేలింది. తినడానికి ఇంకొకరిపై ఆధారపడటం, నోరు శుభ్రం చేసుకోవడానికి ఇంకొకరిపై ఆధారపడటం, పుచ్చిన పళ్ళు, గొట్టం ద్వారా ఆహారం, ఒకటికి మించిన జబ్బులు, వేసుకునే మందుల సంఖ్య, పొగతాగడం, ఇవన్నీ జాబితాలోకి వచ్చాయి. అన్నిటికన్నా బలంగా నిలిచినవాటిలో తినిపించడానికి మరొకరు అవసరం కావడం ఒకటి. అంటే ముప్పు గొంతులో ఎంత ఉందో, తినిపించే తీరులోనూ నోటి శుభ్రతలోనూ అంత ఉంది.

జపాన్‌లోని 11 వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో రెండేళ్ళపాటు కొందరికి ప్రతి భోజనం తర్వాత నోరు శుభ్రం చేశారు, మిగతావారిని మామూలుగా వదిలేశారు. 2002లో వెలువడిన ఫలితాల ప్రకారం మొదటి గుంపులో 11 శాతం మందికి, రెండో గుంపులో 19 శాతం మందికి న్యుమోనియా వచ్చింది. పళ్ళు లేనివారికి కూడా మేలు కనిపించింది. దీనికి ఎదురు సాక్ష్యం కూడా ఉంది. అమెరికాలో క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్ మందు, పళ్ళు తోమడం, నిటారుగా కూర్చోబెట్టి తినిపించడం కలిపి ప్రయత్నించిన పెద్ద అధ్యయనంలో న్యుమోనియా తగ్గలేదు. 2015లో ఆ ఫలితం ప్రచురించారు. కాబట్టి నోరు శుభ్రంగా ఉంటే న్యుమోనియా రానేరాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. అయినా ఖర్చు లేని, హాని లేని, రోగికి హాయిగా ఉండే పని ఇది. వార్డులో పని ఒత్తిడి పెరిగినప్పుడు అన్నిటికన్నా ముందు ఎగిరిపోయేదీ ఇదే. స్నానం, పక్క బట్టలు మార్చడం చార్టులో ఉంటాయి, నోరు శుభ్రం చేయడానికి చాలా చార్టుల్లో గడి కూడా ఉండదు.

చిక్కటి నీళ్ళ సంగతి

మింగుడు సమస్య అనగానే ఎక్కువగా రాసే సలహా, ద్రవాలు చిక్కగా చేసి ఇవ్వడం. చిక్కటి ద్రవం నెమ్మదిగా జారుతుంది కాబట్టి గొంతు మూసుకోవడానికి సమయం దొరుకుతుంది. ఎక్స్‌రే వీడియోలో ఇది కంటికి కనిపిస్తుంది, పొలమారడం నిజంగానే తగ్గుతుంది. చిక్కు అక్కడి నుంచి మొదలవుతుంది.

డిమెన్షియా లేదా పార్కిన్సన్స్ ఉన్న 515 మంది మీద అమెరికాలో జరిగిన అధ్యయనం 2008లో వచ్చింది. సగం మందికి మామూలు ద్రవాన్నే గడ్డం వంచి తాగమన్నారు, మిగతావారికి చిక్కటి ద్రవం ఇచ్చారు. మూడు నెలల్లో న్యుమోనియా విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. చిక్కటి ద్రవం తాగినవారిలో ఒంట్లో నీరు తగ్గిపోవడం 6 శాతం, రెండో గుంపులో 2 శాతం. మూత్రంలో ఇన్ఫెక్షన్ మొదటివారిలో 6 శాతం, రెండోవారిలో 3 శాతం. డిమెన్షియాతో ఆసుపత్రిలో చేరిన దాదాపు 9 వేల మంది రికార్డుల మీద 2024లో వచ్చిన విశ్లేషణలో కూడా చిక్కటి ద్రవాలతో ఆసుపత్రి మరణాలు తగ్గినట్టు తేలలేదు. వెంటిలేటర్ గొట్టం వేయాల్సిన అవసరం తక్కువైంది, శ్వాస ఇబ్బందులు మాత్రం ఎక్కువయ్యాయి.

కారణం ఊహించలేనిదేమీ కాదు, చిక్కటి నీళ్ళు ఎవరికీ ఇష్టం ఉండవు. దాహం తీరినట్టు అనిపించదు, కాబట్టి తక్కువ తాగుతారు. చిక్కదనం మరీ పెరిగితే బలహీనమైన గొంతులో మిగిలిపోయి, తర్వాత జారుతుంది. కాబట్టి చిక్కటి ద్రవం కూడా మందు లాంటిదే అనుకోవాలి. అది ఎందుకు, ఎంత, ఎన్నాళ్ళు అని రాసి ఇవ్వాలి. పొలమారడం తగ్గిందా అన్నదానితోపాటు రోజుకు ఎంత నీరు లోపలికి వెళ్ళిందో కూడా లెక్క చూడాలి. అమెరికాలోని లూయీవిల్‌లో ఒక పునరావాస కేంద్రం 1984 నుంచే వేరే దారి పట్టింది. భోజనంతో కాకుండా మధ్యవేళల్లో, నోరు శుభ్రం చేశాక, మామూలు మంచినీళ్ళు తాగనిస్తుంది. శుభ్రమైన నోటి నుంచి జారిన కొద్దిపాటి నీటిని ఊపిరితిత్తులు పీల్చేసుకోగలవన్నది దాని వెనక ఉన్న ఆలోచన. అందరికీ అది సరిపడదు. దగ్గలేనివారికి, మత్తులో ఉన్నవారికి, నోటి ఇన్ఫెక్షన్ ఉన్నవారికి పనికిరాదు. సరిపడేవారికి మాత్రం రోజంతా దాహంతో ఉండే బాధ తప్పుతుంది.

'కొంచెం చిక్కగా' అంటే ఒక్కో నర్సుకు ఒక్కో అర్థం. ఈ గందరగోళం తీర్చడానికే ఐడీడీఎస్ఐ అనే అంతర్జాతీయ కొలమానం వచ్చింది. 0 నుంచి 7 దాకా స్థాయిలు, ద్రవాలకు 0 నుంచి 4, ఆహారానికి 3 నుంచి 7. కొలవడానికి యంత్రం అక్కర్లేదు. 10 మిల్లీలీటర్ల సిరంజిలో ద్రవం పోసి పది సెకన్లు కారనిస్తారు. ఒకటి నుంచి నాలుగు మిల్లీలీటర్లు మిగిలితే ఒకటో స్థాయి, నాలుగు నుంచి ఎనిమిది మిగిలితే రెండోది, ఎనిమిది దాటి మిగిలితే మూడోది, ఏమీ కారకపోతే నాలుగోది. ఐదో స్థాయి ఆహారంలో పెద్దవారికి ముక్కలు 4 మిల్లీమీటర్లు, ఆరో స్థాయిలో ఒకటిన్నర సెంటీమీటర్లు దాటకూడదు. సిరంజి ప్రతి వార్డులోనూ దొరికేదే, ఆ పది సెకన్లు కేటాయించడమే అరుదు.

ద్రవాన్ని చిక్కగా చేయడానికి కలిపే పొడితో ఇంకో రెండు ప్రమాదాలున్నాయి. పిండితో చేసిన పొడి కలిపిన ద్రవంలో, మలబద్ధకానికి ఇచ్చే పాలిఎథిలీన్ గ్లైకాల్ మందు కలిపితే అది మళ్ళీ నీళ్ళలా పలచబడిపోతుంది. బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2021లో దీనిపై హెచ్చరిక జారీ చేసింది. మతి స్థిమితం లేని రోగి చేతికి పొడి డబ్బా అందితే, పొడిగానే నోట్లో వేసుకుని ఊపిరాడక చనిపోయే ముప్పు కూడా ఉంది. 2015లోనే ఇంగ్లండ్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ దీని మీద భద్రతా హెచ్చరిక ఇచ్చింది. డబ్బా మంచం పక్క బల్ల మీద ఉండకూడదు.

మాత్రలు

మింగలేనివారికి మాత్రలు నలిపి ఇవ్వడం మామూలైపోయింది. నెమ్మదిగా విడుదలయ్యేలా తయారైన మాత్రను నలిపితే రోజంతటి మందు ఒక్కసారిగా ఒంట్లోకి చేరుతుంది. కడుపులో కరగకుండా పూత వేసినదాన్ని నలిపితే పూత ఉద్దేశమే పోతుంది. మింగుడు సమస్య తేలిన రోజే మందుల చీటీ మొత్తం ఫార్మసిస్టు చూడాలి. ఏది ద్రవ రూపంలో దొరుకుతుంది, ఏది పూర్తిగా ఆపేయవచ్చు అని. వృద్ధుల చీటీలో ఆపేయదగ్గ మందు దాదాపు ఎప్పుడూ ఒకటైనా ఉంటుంది. మింగుడును స్వయంగా చెడగొట్టే నిద్ర మందులు, మానసిక ఉద్రేకానికి ఇచ్చే మందులు, నోరు ఎండబెట్టే మందులు ముందుగా చూడాల్సినవి.

తినిపించే పూట

ఎంత మంచి పరీక్ష చేసినా, ఫలితం అమలయ్యేది భోజనం పూట. ఆ పూట జరగాల్సినవి వినడానికి మరీ చిన్నవి. కుర్చీలోనో మంచం మీదో నడుము నిటారుగా ఉండాలి, దిండ్ల మీద జారిపోయిన భంగిమ పడుకోవడంతో సమానం. కళ్ళజోడు, వినికిడి యంత్రం, కట్టుడు పళ్ళు పెట్టాలి. తినిపించేవారు నిలబడి కాదు, ఎదురుగా కూర్చోవాలి. ఎత్తు నుంచి తినిపిస్తే రోగి తల వెనక్కి వాలి శ్వాసనాళం తెరుచుకుంటుంది. ఒక ముద్ద దిగిందని చూశాకే రెండోది. నోట్లో ముద్ద ఉండగా ప్రశ్నలు అడగకూడదు. తిన్నాక బుగ్గల్లో ఏమైనా మిగిలిందా చూసి, కనీసం అరగంట పడుకోబెట్టకూడదు. మత్తుగా ఉన్నప్పుడు బలవంతం చేయకుండా, మెలకువ వచ్చాక తినిపించాలి. దీని కోసం వంటశాల వేళలు కాస్త సడలించక తప్పదు. చాలా ఆసుపత్రుల్లో అన్నిటికన్నా కష్టమైన సంస్కరణ బహుశా ఇదే.

వీటిలో ఏదీ తెలియనిది కాదు. సమయం ఉండదు, అంతే. సాయం కావలసిన వృద్ధుడికి ఒక పూట తినిపించడానికి అరగంట పైనే పట్టవచ్చు. ఒక నర్సుకు అలాంటివారు ఆరుగురు ఉంటే లెక్క కుదరదు. కాబట్టి మింగుడు సంరక్షణ మెరుగుపరచడమంటే సగానికి సగం భోజనం వేళ చేతుల సంఖ్య పెంచడమే. శిక్షణ పొందిన సహాయకులు, నేర్పితే కుటుంబ సభ్యులు, ఆ గంటలో రౌండ్లు, రక్త నమూనాలు పెట్టుకోకపోవడం. కుటుంబ సభ్యులకు నేర్పడమంటే కాగితం చేతికివ్వడం కాదు, ఒక పూట పక్కన ఉండి చేయించడం.

మళ్ళీ పరీక్షించడం ఎప్పుడన్నదానికి స్థిరమైన గడువు కన్నా సందర్భాలు నయం. జ్వరం తగ్గినప్పుడు, అయోమయం వచ్చినప్పుడు లేదా పోయినప్పుడు, కొత్త నిద్ర మందు మొదలైనప్పుడు, వెంటిలేటర్ గొట్టం తీశాక, వార్డు మారినప్పుడు. సాయంత్రం తికమకపడే మనిషికి ఉదయం చేసిన పరీక్ష సాయంత్రం భోజనానికి వర్తించదు. నాలుక బలం పెంచే కసరత్తులు, గట్టిగా ఊది నిశ్వాస కండరాలను బలపరచడం, తల ఎత్తే వ్యాయామాలు కొందరికి మేలు చేస్తాయి. తీవ్రంగా జబ్బుపడి ఉన్నప్పుడు వాటిని చేసే ఓపిక చాలామందికి ఉండదు. ఆ దశలో సరైన తిండి తగినంత తినడమే మొదటి కసరత్తు.

ముప్పు తెలిసీ తినాలనుకుంటే

ఎన్ని ఉపాయాలు చేసినా పొలమారడం ఆగని రోగులు ఉంటారు. జబ్బు చివరి దశలో ఉన్నవారు, కోలుకునే ఆశ లేనివారు. వాళ్ళలో కొందరు 'ఏమైనా సరే, నోటితోనే తింటాను' అంటారు. దీన్ని మొండితనం కింద రాసేయడం అన్యాయం. ముప్పు అర్థమైందా, ఏ తిండి తక్కువ ముప్పుతో ఆనందం ఇస్తుంది, న్యుమోనియా వస్తే ఎంతవరకు చికిత్స కోరుకుంటున్నారు అన్నవి ముందే మాట్లాడి, రాసి, సంతకాలతో పెట్టుకునే పద్ధతి ఉండాలి. లేకపోతే రోజు డ్యూటీలో ఉన్నవారు తినిపిస్తారు, రాత్రి డ్యూటీకి వచ్చినవారు భయపడి ఆపేస్తారు, మధ్యలో రోగి నలుగుతాడు. ఈ సంభాషణకు డాక్టరు, మింగుడు సమస్యలు కూడా చూసే స్పీచ్ థెరపిస్టు, కుటుంబం ముగ్గురూ ఒకేచోట కూర్చోవాలి. టెన్షన్ పుట్టించే మాటలే, కానీ అర్ధరాత్రి ఆయాసం వచ్చినప్పుడు మొదలుపెట్టడం కన్నా ముందే నయం.

ఇంటికి పంపేటప్పుడు

డిశ్చార్జ్ చీటీలో మందుల పేర్లు వరసగా ఉంటాయి. మింగుడు గురించి ఉంటే గింటే 'మెత్తటి ఆహారం' అన్న రెండు ముక్కలు. ఇది చాలదు. ఆహారం ఏ స్థాయి, ద్రవం ఏ స్థాయి, ఏ భంగిమ, ఎలాంటి సాయం, ఏ మాత్ర నలపకూడదు, ఏ గుర్తు కనిపిస్తే తిరిగి రావాలి, మళ్ళీ ఎవరు ఎప్పుడు పరీక్షిస్తారు అన్నవి ఆ చీటీలో ఉండాలి. చివరి ప్రశ్నకు జవాబు లేకుండా పంపినవారిలో కొందరు, గొంతు ఎప్పుడో కోలుకున్నా, నెలల తరబడి చిక్కటి నీళ్ళే తాగుతూ ఉంటారు. ఆసుపత్రి తన పనితీరు కొలుచుకోవాలంటే చేరిన రోజు ఎంతమందికి వడపోత చేశామన్నది ఒక్కటే లెక్కపెడితే సరిపోదు. వడపోతకూ మొదటి ముద్దకూ మధ్య ఎన్ని గంటలు గడిచాయి, చిక్కటి ద్రవం మీద ఉన్నవారు రోజుకు ఎంత తాగారు, రోజుకు ఎన్నిసార్లు నోరు శుభ్రం చేశారు, ఇంటికి వెళ్ళాక ఎంతమందికి ఆంక్షలు సడలించారు అన్నవి కూడా లెక్కలోకి రావాలి.